మధ్యస్థాయి వాతావరణ వ్యవస్థలు: పరిశీలన నుంచి ముందస్తు అంచనా దాకా

వేల కిలోమీటర్ల మేర పరుచుకునే అల్పపీడనాన్ని రెండు మూడు రోజుల ముందే పసిగట్టడం నేటి వాతావరణ శాస్త్రానికి పెద్ద కష్టం కాదు. ఆ అల్పపీడనం అంచున ఒక సాయంత్రం ముప్పై కిలోమీటర్ల వెడల్పున లేచి, గంటన్నరలో ఈదురుగాలులు, వడగళ్లు కురిపించి మాయమయ్యే ఉరుముల మేఘాల గుంపు ఎక్కడ పుడుతుందో చెప్పడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఈ రెండో పనిని ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ ఎక్కువ సమయం వెచ్చించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాతావరణ పటం చదవడం, పీడనం, ఉష్ణోగ్రత, తేమల గురించిన ప్రాథమిక పరిచయం పాఠకులకు ఉన్నాయని భావిస్తున్నాను.

ముందుగా పరిమాణం తేల్చుకోవాలి

1951లో మైరన్ లిగ్డా రాడార్ పరిశీలనలను సమీక్షిస్తూ, ఒక్క స్టేషను నుంచి చూస్తే పూర్తిగా కనిపించనంత పెద్దవి, సాధారణ వాతావరణ పటంలో స్టేషన్ల నడుమ జారిపోయేంత చిన్నవి అయిన వ్యవస్థలను విడిగా అధ్యయనం చేయాలని, వాటికి మీసోస్కేల్ (మధ్యస్థాయి) అనే పేరు బాగుంటుందని సూచించారు. 1975లో ఇసిడోరో ఒర్లాన్‌స్కీ ఈ స్థాయికి హద్దులు గీశారు. ఆయన వర్గీకరణ ప్రకారం 2 నుంచి 2,000 కిలోమీటర్ల పరిమాణం గలవన్నీ మధ్యస్థాయి వ్యవస్థలే. వాటిలో 200 కిలోమీటర్లకు పైబడినవి ఆల్ఫా, 20 నుంచి 200 వరకు ఉన్నవి బీటా, 20 లోపువి గామా వర్గాలు. రాత్రంతా సాగే విశాలమైన మేఘ సముదాయం ఆల్ఫాలోకి, సముద్రపు గాలి, కొండ-లోయ గాలులు బీటాలోకి, ఒంటరి ఉరుముల మేఘం గామాలోకి వస్తాయి.

పరిమాణంతో పాటే ఆయుష్షు కూడా తేలిపోతుంది కాబట్టి ఈ విభజన ఆచరణలో పనికివస్తుంది. గామా వ్యవస్థ సాధారణంగా అరగంట నుంచి గంట వరకు, బీటా కొన్ని గంటలు, ఆల్ఫా ఒక రోజు వరకు నిలుస్తాయి. అయితే నేల స్వరూపానికి కట్టుబడి ఉన్నవాటిని, అంటే తీరం వెంబడి వీచే సముద్రపు గాలి, పర్వత వాలు వెంట ఎగబాకే గాలి వంటివాటిని వేరుగా లెక్కించాలి. తీరమూ పర్వతమూ కదలవు కనుక వాటి ప్రభావాన్ని ఒకటి రెండు రోజుల ముందే నమ్మకంగా చెప్పవచ్చు. తమంతట తాము పుట్టి పెరిగే మేఘ సముదాయాల విషయంలో ఆ సౌకర్యం లేదు. కాబట్టి అంచనా వేయబోయేది ఈ రెండింటిలో ఏ కోవకు చెందినదో మొదటే రాసుకుంటే, తరువాత ఎంత నమ్మకంతో మాట్లాడాలో తెలుస్తుంది.

పెద్ద వ్యవస్థలకు అలవాటుపడిన చూపును ఇక్కడ కొంత సవరించుకోవాలి. పెద్ద వ్యవస్థలలో పీడన భేదం నుంచి పుట్టే బలమూ, భూభ్రమణం వల్ల కలిగే కొరియోలిస్ ప్రభావమూ దాదాపు సరితూగుతాయి కనుక గాలి ఐసోబార్ల (సమాన పీడన రేఖల) వెంబడి సాగుతుంది. మధ్యస్థాయిలో ఆ సమతౌల్యం ఏర్పడేంత వ్యవధి ఉండదు కాబట్టి, గాలి ఐసోబార్లను అడ్డంగా దాటుకుంటూ అధిక పీడనం నుంచి అల్ప పీడనం వైపు నేరుగా పోతుంది. నిలువు కదలికలోనూ తేడా అంతే పెద్దది. పెద్ద అల్పపీడనంలో గాలి సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తే, బలమైన ఉరుముల మేఘంలో సెకనుకు పదుల మీటర్ల చొప్పున లేస్తుంది.

పెద్ద పటంతో మొదలుపెట్టి, గాలి పొరల నమోదుకు రావాలి

రోజు పని ప్రారంభించగానే కంప్యూటర్ నమూనా గీసిన వర్షపు బొమ్మను తెరవవద్దు. అది ఒకసారి కళ్లకు కట్టాక మిగిలిన సమాచారమంతా దానికి అనుకూలంగానే కనిపించడం మొదలవుతుంది. ముందుగా 500, 850 హెక్టోపాస్కల్ పీడన మట్టాల (సుమారు ఐదున్నర, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుల) పటాలు చూసి, ఎగువన ద్రోణి ఏదైనా దగ్గరపడుతోందా, దిగువన తేమ గల గాలి ఏ దిశ నుంచి వస్తోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే చాలు. ఈ దశకు పావుగంట మించి అవసరం లేదు.

ఆ తరువాత బెలూన్ ద్వారా నమోదైన ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలను, అవి ఎత్తుతో పాటు మారే తీరును చూపే స్క్యూ-టి పటంపై పరిశీలించాలి. బెలూన్లను చాలా స్టేషన్లు రోజుకు రెండుసార్లు, 00, 12 యూటీసీ వేళల్లోనే (భారత కాలమానంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30) ఎగరవేస్తాయి కనుక ఉదయపు నమోదును యథాతథంగా సాయంత్రానికి వాడకూడదు. మధ్యాహ్నానికి నేల దగ్గర ఉండబోయే ఉష్ణోగ్రతను, డ్యూ పాయింట్‌ను అంచనా కట్టి, పటంలో అడుగు భాగాన్ని చేత్తో సవరించుకోవాలి. డ్యూ పాయింట్ అంటే చల్లబడుతున్న గాలిలోని తేమ నీటిగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఉదాహరణకు మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, డ్యూ పాయింట్ 24 డిగ్రీలు ఉంటాయనుకుందాం. రెండింటి మధ్య తేడా 10 డిగ్రీలు. తేడాలోని ప్రతి డిగ్రీకి 125 మీటర్ల చొప్పున లెక్కిస్తే, పైకి లేచే గాలిలో మేఘం కట్టడం సుమారు 1,250 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. ఎండకు అడుగు పొర కలగలిసి, పైనున్న పొడిగాలి కిందికి దిగి డ్యూ పాయింట్ 20 డిగ్రీలకు పడిపోతే మేఘపు అడుగు 1,750 మీటర్లకు చేరుతుంది, అస్థిరత్వం (లేచిన గాలి తనంతట తాను ఇంకా పైకి పోయే గుణం) గణనీయంగా తగ్గుతుంది. ఉదయం ఎంతో ఆశ కలిగించిన రోజు సాయంత్రానికి నిర్మలంగా ముగిసిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే మధ్యాహ్నపు డ్యూ పాయింట్‌ను అంచనా వేయడంలో తొందరపడకూడదు.

మేఘంలో గాలిని పైకి నెట్టడానికి అందుబాటులో ఉన్న శక్తిని కేప్ అంటారు. కిలోకు 2,500 జౌళ్ల కేప్ ఉంటే, సిద్ధాంతం ప్రకారం ఊర్ధ్వ ప్రవాహ వేగం దానికి రెట్టింపు విలువ వర్గమూలం, అంటే సెకనుకు సుమారు 70 మీటర్లు. చుట్టుపక్కల పొడిగాలి కలవడం వల్ల, మేఘంలో చేరిన నీటి బరువు వల్ల వాస్తవంలో అందులో సగమే కనిపిస్తుంది. కేప్ కంటే దానికి అడ్డుపడే శక్తి, అంటే సిన్, ఎక్కువ శ్రద్ధకు అర్హమని నా అభిప్రాయం. కిలోకు 100 జౌళ్లకు మించిన సిన్ ఉన్నచోట నేల వేడి ఒక్కటే సరిపోదు. గాలిని బలవంతంగా పైకి ఎత్తే మరొకటేదో కావాలి. ఆ ఎత్తేది లేకపోతే కేప్ ఎంత ఉన్నా వృథా.

ఇక నేల నుంచి ఆరు కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి ఎంత మారుతుందో చూడాలి. ఈ మార్పు సెకనుకు 10 మీటర్ల లోపు ఉంటే మేఘాలు విడివిడిగా లేచి, తమ వానలోనే తాము మునిగి అరగంటలో అణగిపోతాయి. 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో జరిగిన థండర్‌స్టార్మ్ ప్రాజెక్టు ఆధారంగా హోరేస్ బయర్స్, రాస్కో బ్రహమ్ వర్ణించిన ఎదుగుదల, పరిపక్వత, క్షీణత అనే మూడు దశలు ఇటువంటి మేఘాలవే. మార్పు 10 నుంచి 20 మీటర్ల మధ్య ఉంటే పాత మేఘం అంచున కొత్తది పుడుతూ గుంపులు ఏర్పడతాయి. 20 మీటర్లు దాటితే ఊర్ధ్వ ప్రవాహమూ, వాన పడే చోటూ వేరుపడి, తిరుగుతూ గంటల తరబడి నిలిచే సూపర్‌సెల్‌కు అవకాశం కలుగుతుంది. ఈ అంకెలు కచ్చితమైన గీతలు కావు.

సరిహద్దుల కోసం వెతకడం

తేమ, అస్థిరత్వం, గాలి మార్పు కలిసి ఉరుముల వాన వచ్చే అవకాశం ఉందో లేదో చెబుతాయి. ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం నేల దగ్గరి సరిహద్దులలో ఉంటుంది. సముద్రపు గాలి ముందంచు, పొడిగాలికీ తేమగాలికీ మధ్య గీత, నిన్నటి మేఘాలు వదిలివెళ్లిన చల్లగాలి అంచు, తడిసిన నేలకూ ఎండిన నేలకూ మధ్య ఏర్పడే తేడా వంటివన్నీ ఈ సరిహద్దులే. వాటి వెంట రెండు వైపుల గాలీ ఎదురెదురుగా చేరి పైకి లేస్తుంది. జేమ్స్ విల్సన్, వెండీ శ్రైబర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో కొలరాడోలో పుట్టిన ఉరుముల మేఘాలలో అత్యధిక భాగం రాడార్‌కు కనిపించిన ఇటువంటి గీతల సమీపంలోనే మొదలయ్యాయని తేలింది. రోజులో అందుబాటులో ఉన్న సమయంలో సగం ఈ పనికే కేటాయించడం సబబు.

ఇందుకు గంటకోసారి అందే నేల పరిశీలనలను ముద్రించిన పటంపై వేసుకుని, ఐసోబార్లను ఒక్కో హెక్టోపాస్కల్ తేడాతో, డ్యూ పాయింట్ గీతలను రెండేసి డిగ్రీల తేడాతో చేత్తో గీయాలి. కంప్యూటర్ గీసిన గీతలు నున్నగా ఉంటాయి. ఆ నునుపులో అసలు వెతుకుతున్న మడతలే చెరిగిపోతాయి. చుట్టుపక్కల వాటితో పొసగని ఒక స్టేషను నమోదును పరికరం లోపమని కొట్టివేసే ముందు, దాని గత రెండు గంటల నమోదును తప్పక చూడాలి.

ఒక నమోదును దగ్గరగా చదివి చూద్దాం. ఒక స్టేషనులో సాయంత్రం 4.10కి ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, పీడనం 1002.4 హెక్టోపాస్కల్‌లు, గాలి దక్షిణం నుంచి సెకనుకు 4 మీటర్లు. పది నిమిషాల తరువాత ఉష్ణోగ్రత 26, పీడనం 1004.3, గాలి వాయవ్యం నుంచి సెకనుకు 14 మీటర్లు. వాన చుక్క కూడా పడలేదు. పెద్ద పటంలో ఆ దరిదాపుల్లో శీతల వాయుముఖం (పెద్ద చల్లగాలి రాశి ముందంచు) లేదు. దీని అర్థం, వాయవ్యాన ఎక్కడో కురుస్తున్న ఉరుముల మేఘం కింద వాన ఆవిరవుతూ చల్లబరచిన గాలి బరువెక్కి, నేలను తాకి, పక్కలకు విస్తరిస్తూ ఈ స్టేషనును దాటింది. నిమిషం నిమిషం నమోదు దొరికితే పీడనం, గాలి దిశ ముందు మారి, ఉష్ణోగ్రత ఆ వెంటనే పడిపోవడం చాలా సందర్భాల్లో గమనించవచ్చు.

ఈ అంకెలతో ఇంకొంత దూరం వెళ్లవచ్చు. చల్లగాలి పొర తన మందమంతటా సగటున 5 డిగ్రీలు చల్లగా ఉందనుకుంటే, 1.9 హెక్టోపాస్కల్‌ల పెరుగుదలకు సుమారు ఒక కిలోమీటరు మందం కావాలి. అంత మందమున్న చల్లగాలి సిద్ధాంతరీత్యా సెకనుకు 13 మీటర్ల వేగంతో ముందుకు సాగాలి. నేల రాపిడిని, పొరల మిశ్రమాన్ని లెక్కలోకి తీసుకుంటే 10 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే గంటకు 36 కిలోమీటర్లు. ఆగ్నేయంగా అంతే దూరంలో ఉన్న మరో స్టేషనును ఇది 5.20 ప్రాంతంలో చేరాలి. దారిలో సముద్రపు గాలి ముందంచు ఉంటే, ఈ రెండు గీతలూ కలిసే చోట, కలిసే వేళకు కొత్త మేఘాల కోసం చూడాలి. 5.20కి రెండో స్టేషనులో మార్పు కనిపించకపోతే చల్లగాలి పలుచబడి వీగిపోయిందని భావించి అంచనాను సవరించాలి.

కాలంలో జరిగిన మార్పును దూరంలోకి మార్చే ఈ పద్ధతి కొత్తది కాదు. 1950లలో టెట్సుయా ఫుజితా పీడన రికార్డర్ల కాగితపు చుట్టలను ఇలాగే చదివి, ఉరుముల మేఘాల కింద ఏర్పడే చిన్న అధిక పీడనాలను పటంపైకి తెచ్చారు. వ్యవస్థ సెకనుకు 10 మీటర్లతో కదులుతుంటే ఒకే స్టేషను పది నిమిషాల నమోదు ఆరు కిలోమీటర్ల అడ్డుకోతతో సమానం. స్టేషన్లు దూరదూరంగా ఉన్నచోట ఇంతకు మించిన సాధనం లేదు.

ఉపగ్రహ చిత్రాలు, రాడార్

ఉదయం పదకొండు నుంచి దృశ్యకాంతి చిత్రాలను వరుసగా కదిలించి చూస్తే, రాడార్‌లో ఏమీ కనిపించక ముందే చిన్న క్యూములస్ మేఘాలు ఏ గీత వెంట బారులు తీరుతున్నాయో తెలిసిపోతుంది. రాత్రి వేళ పరారుణ చిత్రాలే ఆధారం. రాబర్ట్ మాడాక్స్ 1980లో నిర్వచించిన విశాల మేఘ సముదాయాలకు కొలమానం కూడా ఈ చిత్రాలే. మైనస్ 32 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లని మేఘపు కప్పు కనీసం లక్ష చదరపు కిలోమీటర్లు, అందులో మైనస్ 52 డిగ్రీల భాగం కనీసం 50,000 చదరపు కిలోమీటర్లు, ఆరు గంటలకు తక్కువ కాకుండా ఉండాలి. అయితే అత్యంత చల్లగా కనిపించిన చోటే అత్యధిక వాన పడుతోందని అనుకోవడం పొరపాటు. పై గాలులు మేఘపు కప్పును పక్కకు లాగేస్తాయి.

రాడార్ విషయంలో మొదట గుర్తుంచుకోవలసినది కిరణపు ఎత్తు. అర డిగ్రీ వాలుతో పంపిన కిరణం 100 కిలోమీటర్ల దూరానికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుకు, 200 కిలోమీటర్లకు నాలుగు కిలోమీటర్లకు పైగా చేరుతుంది. పైన చెప్పిన కిలోమీటరు మందపు చల్లగాలి అంచు రాడార్‌కు దగ్గరలో సన్నని గీతగా కనిపించి, దూరం పెరిగేసరికి మాయమవడానికి కారణం ఇదే. దూరాన గీత కనిపించనంత మాత్రాన సరిహద్దు లేదని తీర్మానించకూడదు. అలాగే డాప్లర్ రాడార్ గాలి వేగంలో తన వైపు లేదా తన నుంచి అవతలికి సాగే భాగాన్నే కొలుస్తుంది. కిరణానికి అడ్డంగా వీచే పెనుగాలి కూడా తెరపై సున్నాగా కనిపించవచ్చు.

చినుకుల నుంచి రాడార్ అందుకునే ప్రతిఫలనాన్ని (దీని కొలత డీబీజెడ్) వాన పరిమాణంగా మార్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. 1948లో మార్షల్, పామర్ సూచించిన, చినుకుల పరిమాణాల పంపిణీ ఆధారంగా వాడుకలోకి వచ్చిన సూత్రం ప్రకారం 40 డీబీజెడ్ గంటకు సుమారు 12 మిల్లీమీటర్ల వానకు, 50 డీబీజెడ్ సుమారు 49 మిల్లీమీటర్లకు సమానం. మేఘంలో వడగళ్లు ఉంటే ఈ లెక్క అమాంతం పెరిగి తప్పుతోవ పట్టిస్తుంది. రెండు ధ్రువణాలతో (అడ్డంగా, నిలువుగా కంపించే తరంగాలతో) పనిచేసే రాడార్ వడగళ్లను, పెద్ద చినుకులను చాలావరకు వేరుచేయగలదు కనుక అందుబాటులో ఉంటే దానినే ఆశ్రయించాలి.

మేఘాల వరుస విల్లులా ముందుకు వంగుతుంటే, ఆ వంపు మధ్యభాగం ముందున్న ప్రాంతానికి ఈదురుగాలుల హెచ్చరికను ఆలస్యం చేయకూడదు. కుంభవృష్టికి గుర్తు వేరు. మొత్తం వాన అంటే తీవ్రతను వ్యవధితో గుణించగా వచ్చేదే కాబట్టి, భీకరంగా కనిపిస్తూ వేగంగా కదిలిపోయే మేఘం కంటే, మామూలుగా కనిపిస్తూ కదలని మేఘమే ఎక్కువ ప్రమాదం. 1976 జులై 31న కొలరాడోలోని బిగ్ థాంప్సన్ లోయపై ఇదే జరిగింది. దిగువన తేమతో నిండిన తూర్పు గాలి పర్వత వాలు మీదికి ఎడతెగక ఎక్కుతుండగా, ఎగువ గాలులు బలహీనంగా ఉండి మేఘాలను కదిలించలేకపోయాయి. కొన్ని గంటల్లోనే కొన్ని చోట్ల 300 మిల్లీమీటర్ల వాన పడి, వరదలో 140 మందికి పైగా మరణించారు. కాబట్టి రాడార్ తెరపై కొత్త మేఘాలు పాతవాటి వెనుకనే పుడుతూ, అన్నీ ఒకే దారిన ఒకే చోటి మీదుగా సాగుతుంటే, ప్రతిఫలనం ఎంత ఉన్నా ముందు ఆ నదీ పరీవాహకం పేరు రాసుకోవాలి.

నమూనాలను వాడుకునే తీరు

కంప్యూటర్ నమూనాలు ప్రాంతాన్ని గడులుగా విభజించి లెక్కకడతాయి. గడుల మధ్య దూరం పది కిలోమీటర్లకు మించిన నమూనాలు ఉరుముల మేఘాలను ఒక్కొక్కటిగా చూపలేవు. వాటి సగటు ప్రభావాన్ని సూత్రాలతో అంచనా వేస్తాయి. చల్లగాలి అంచు ముందుకు సాగి కొత్త మేఘాలను పుట్టించే ప్రక్రియ వాటిలో సరిగా ఇమడదు. సుమారు నాలుగు కిలోమీటర్లు, అంతకంటే తక్కువ దూరం గల నమూనాలు మేఘాలను నేరుగా లెక్కిస్తాయి. అమెరికాలో 2014 నుంచి ప్రతి గంటా కొత్తగా లెక్కకట్టే మూడు కిలోమీటర్ల హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ ఇటువంటిది. అయితే మూడు కిలోమీటర్ల నమూనాకు మూడు కిలోమీటర్ల వివరం తెలుసునని అర్థం కాదు. నమూనా నిజంగా చిత్రించగల కనిష్ఠ పరిమాణం గడి దూరానికి ఆరేడు రెట్లు, అంటే ఇరవై కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

మొదటి కొన్ని గంటల ఫలితాలలో నమూనా ఇంకా తన గాలులను, మేఘాలను సర్దుకుంటూ ఉంటుంది. చిన్న స్థాయిలో పుట్టిన లోపం పెద్ద స్థాయికి ఎంత వేగంగా పాకుతుందో 1969లోనే ఎడ్వర్డ్ లొరెంజ్ చూపించారు. అందువల్ల ఒకే ఫలితాన్ని పట్టుకోకుండా, స్వల్ప తేడాలతో నడిపిన సమూహ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. నమూనాను మేఘాలు పుట్టే చోటు కోసం కాక, అవి పుడితే వరుసగా ఏర్పడతాయా, విడివిడిగా ఉంటాయా, ఎటు కదులుతాయి అన్న ప్రశ్నల కోసం సంప్రదించడం మేలు. సమూహంలోని ఫలితాలన్నీ ఒక్క విషయంలో ఏకమై, చేత్తో గీసిన సరిహద్దు వేరే చోట ఉంటే, నమూనా అదే గంటకు చూపిన నేల గాలులను అసలు పరిశీలనలతో పోల్చాలి. నమూనాలో సరిహద్దు నలభై కిలోమీటర్లు పక్కకు జరిగి ఉంటే, దాని వర్షపు బొమ్మను కూడా అంతే జరిపి చదవాలి.

మొదటి ఒకటి రెండు గంటలకు రాడార్ ప్రతిధ్వనులను వాటి కదలిక దిశలో ముందుకు జరపడమే నమూనా కంటే బాగా పనిచేస్తుంది. ఆ తరువాత అది వేగంగా వమ్మవుతుంది. ఎందుకంటే ఆ పద్ధతికి కొత్త మేఘం పుట్టడం, పాతది చావడం తెలియవు.

అంచనా రాయడం, సరిచూడడం

రాసేటప్పుడు ఒక ఊరి పేరు, ఒక గడియ చెప్పాలన్న తాపత్రయం వదులుకోవాలి. ఉదయం జారీ చేసే అంచనాలో ప్రాంతం వంద కిలోమీటర్ల మేర, సమయం నాలుగైదు గంటల మేర ఉండవచ్చు. సరిహద్దులు స్పష్టమైన కొద్దీ రెండింటినీ కుదించాలి. హెచ్చరిక దశకు వచ్చేసరికి పదుల కిలోమీటర్లు, అరగంట అన్న లెక్కకు రావాలి. సంభావ్యతను అంకెలో చెప్పి, ఏది జరగకపోతే అంచనా తప్పుతుందో ఒక వాక్యంలో రాయాలి. "మూడు గంటలకల్లా సముద్రపు గాలి ముందంచు లోపలికి కదలకపోతే వాన పడే అవకాశం సగానికి తగ్గుతుంది" వంటి వాక్యం తరువాత డ్యూటీకి వచ్చేవారికి పేజీల వివరణ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సరిచూసేటప్పుడు గడి గడికీ పోల్చే పద్ధతి ఈ స్థాయికి అన్యాయం చేస్తుంది. వాన ముప్పై కిలోమీటర్లు పక్కన పడితే, చెప్పిన చోట పడనందుకు ఒకసారి, పడిన చోట చెప్పనందుకు మరోసారి, ఒకే తప్పుకు రెండుసార్లు మార్కులు పోతాయి. ఆ లెక్కన ఏమీ చెప్పని అంచనాయే మెరుగ్గా కనిపిస్తుంది. నైజెల్ రాబర్ట్స్, హంఫ్రీ లీన్ 2008లో ప్రతిపాదించిన ఫ్రాక్షన్స్ స్కిల్ స్కోరు ఈ చిక్కును తప్పిస్తుంది. ప్రతి గడి చుట్టూ ఒక పరిధి తీసుకుని, అందులో ఎంత భాగంలో వాన ఉంటుందని చెప్పాము, ఎంత భాగంలో పడింది అని పోల్చుతుంది. పరిధిని పెంచుతూ పోతే ఏ దూరం నుంచి అంచనా పనికివస్తోందో తెలుస్తుంది. ఆ స్కోరుతో పాటు, ఉదయం చేత్తో గీసిన పటాన్ని చెరిపివేయకుండా ఉంచి, వ్యవస్థ ముగిశాక అసలు సరిహద్దును మరో రంగుతో దానిపైనే గీసి, రెండు గీతల మధ్య దూరాన్ని, వేళల తేడాను అంచున రాసిపెట్టాలి. అలా గీసిన పటాలను సముద్రపు గాలి, చల్లగాలి అంచు, పొడి గీత అని రకాల వారీగా విడదీసి దాచుకుంటే, ఏ రకం సరిహద్దును తరచుగా ఎటువైపు తప్పుగా గీస్తున్నామో ఒక్క రుతువులోనే బయటపడుతుంది.